వరుసలో ముందున్నా అందని సూది: 2021లో పెద్దల టీకా నిరీక్షణకు నేపథ్యం

2021 మే నెల మొదటి పక్షంలో హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాల్లో కోవిడ్ టీకా కేంద్రాల ముందు తెల్లవారకముందే జనం చేరేవారు. టోకెన్లు ఇచ్చేదాకా నిలబడలేని పెద్దలు తమ వంతుకు గుర్తుగా చెప్పులో, చేతిసంచో వరుసలో ఉంచి గోడ నీడకు వెళ్లి కూర్చునేవారు. వారిలో చాలామంది అప్పటికే మొదటి డోసు వేయించుకుని, చీటీ మీద రాసిచ్చిన తేదీకి రెండో డోసు కోసం వచ్చినవారు. ప్రభుత్వం ప్రకటించిన ప్రాధాన్య క్రమంలో వైద్య సిబ్బంది తర్వాత, పోలీసులు, పారిశుద్ధ్య సిబ్బంది వంటి ముందువరుస ఉద్యోగుల తర్వాత వారిదే స్థానం. అలాంటివారికే సూది అందని స్థితి ఒక్క నెలలో పుట్టింది కాదు.

మన దేశంలో టీకా అంటే మొదటినుంచీ పసిపిల్లల వ్యవహారం. 1978లో మొదలైన టీకాల కార్యక్రమం 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమంగా మారినప్పుడు కూడా దాని దృష్టి అంతా శిశువుల మీద, గర్భిణుల మీదే నిలిచింది. తెలుగు పల్లెల్లో బుధవారమో శనివారమో ఏఎన్ఎం (ఊళ్లో తిరిగే ఆరోగ్య కార్యకర్త) టీకాల పెట్టెతో వస్తే, ఏ ఇంట్లో ఎన్ని నెలల బిడ్డ ఉందో, ఆ బిడ్డకు ఏ డోసు మిగిలిందో ఆమె రిజిస్టరు చెబుతుంది. అదే ఇంట్లో ఉన్న డెబ్బై ఏళ్ల తాతకు చక్కెర వ్యాధి ఉందో లేదో, ఆయన కేంద్రం దాకా నడవగలడో లేడో ఆ రిజిస్టరులో ఉండదు. 2011 జనాభా లెక్కల నాటికే అరవై ఏళ్లు దాటినవారు పది కోట్లకు పైగా ఉన్నారు. ఇందరికి టీకా వేసే అలవాటుగానీ, వారి జాబితాగానీ లేని యంత్రాంగం మీద ఆ బాధ్యత ఒక్కసారిగా పడింది.

కోవిషీల్డ్, కోవాగ్జిన్ అనే రెండు కోవిడ్ టీకాలకు అత్యవసర వినియోగ అనుమతి లభించిన సంగతిని 2021 జనవరి 3న ప్రకటించారు. అదే నెల 16న వైద్య సిబ్బందితో టీకాలు మొదలయ్యాయి. అప్పటికి కేంద్రం కొన్నది 1.1 కోట్ల కోవిషీల్డ్ డోసులు, 55 లక్షల కోవాగ్జిన్ డోసులు. వైద్య సిబ్బంది, ముందువరుస ఉద్యోగులు కలిపి మూడు కోట్ల మంది, ఆ తర్వాత వయసు పైబడినవారు, దీర్ఘవ్యాధులున్నవారు 27 కోట్ల మంది అన్నది ప్రణాళిక. ఆ లెక్క ముందు ఈ కొనుగోలు ఎంత చిన్నదో వేరే చెప్పనక్కరలేదు. బడ్జెట్‌లో 35,000 కోట్ల రూపాయలు కేటాయించినా, టీకా తయారీదారులు నెలల ముందే అందుకోవలసిన పెద్ద ఆర్డర్లు వారికి అందలేదు. నా దృష్టిలో మే నెల కొరతకు అసలు మూలం ఇక్కడే ఉంది.

మార్చి 1న అరవై దాటినవారికి, దీర్ఘవ్యాధులున్న 45 నుంచి 59 ఏళ్లవారికి తలుపులు తెరిచారు. ప్రైవేటు ఆసుపత్రుల్లో డోసు ధర 250 రూపాయలకు మించరాదన్నారు. అప్పట్లో కొరత మాట లేదు. పైగా ఎంతోమంది పెద్దలు తమంతట తామే ఆగారు. కోవాగ్జిన్ మూడో దశ ప్రయోగాల మధ్యంతర ఫలితం మార్చి 3న గానీ వెలువడలేదు. జ్వరం వస్తుందట, బీపీ మాత్రలు వేసుకునేవారు వేయించుకోకూడదట అన్న మాటలు ఇంటింటా తిరిగాయి. కోవిషీల్డ్ సీసా ఒక్కొక్కదానిలో పది డోసులుంటాయి, మూత తీశాక నాలుగు గంటల్లో వాడెయ్యాలి. అందుకని ఆరుగురో ఏడుగురో వచ్చిన చోట, మిగిలిన ముగ్గురు చేరేదాకా నర్సులు సీసా తెరిచేవారు కారు. ఆ మార్చిలో మనుషుల కోసం సీసా ఎదురుచూసింది. ఆరు వారాలు తిరగకముందే సీసా కోసం మనుషులు ఎదురుచూశారు.

ఏప్రిల్ 1 నుంచి 45 ఏళ్లు దాటిన అందరికీ అర్హత వచ్చింది. అదే నెలలో కోవిడ్ రెండో ఉద్ధృతి విరుచుకుపడి, మే మొదటి వారానికి దేశంలో రోజువారీ కేసులు నాలుగు లక్షలు దాటాయి. భయం సందేహాన్ని తోసేసింది. అప్పటికి ఆరు కోట్లకు పైగా డోసులు విదేశాలకు వెళ్లి ఉన్నాయి. సుప్రీంకోర్టుకు కేంద్రం సమర్పించిన లెక్కల ప్రకారం కోవిషీల్డ్ తయారుచేసే సీరం ఇన్‌స్టిట్యూట్ ఉత్పత్తి నెలకు ఐదారు కోట్ల డోసులు, కోవాగ్జిన్ తయారుచేసే భారత్ బయోటెక్ ఉత్పత్తి అందులో చిన్న వంతు. ఈ స్థితిలో మే 1 నుంచి 18 ఏళ్లు దాటిన అందరినీ అర్హులుగా ప్రకటించి, ఉత్పత్తిలో సగాన్ని రాష్ట్రాలకు, ప్రైవేటు ఆసుపత్రులకు విడిచిపెట్టారు. యువతకు టీకా అక్కరలేదని ఎవరూ అనరు. కానీ సరుకు పెరగకుండా వరుస మాత్రమే పెరిగితే, ముందుగా నిలబడినవారి వంతు కూడా వెనక్కి జరుగుతుంది. తెలంగాణ మే రెండో వారంలో మొదటి డోసులు ఆపి రెండో డోసులకే పరిమితమైంది, తర్వాత కొన్ని రోజులు అవి కూడా నిలిచిపోయాయి. ఆంధ్రప్రదేశ్ కూడా రెండో డోసువారికే పెద్దపీట వేయవలసి వచ్చింది.

మా అమ్మకు అప్పుడు 71 ఏళ్లు. ఏప్రిల్ 6న ఒక ఆరోగ్య కేంద్రంలో కోవాగ్జిన్ మొదటి డోసు వేసి, అరచేయంత కాగితం మీద నీలి సిరాతో ‘మే 4’ అని రాసిచ్చారు. ఆ కాగితాన్ని ఆమె పంచాంగంలో దాచుకుంది. మే 4న స్టాకు లేదన్నారు. తేదీ కొట్టేసి పక్కన 10 అని, తర్వాత అది కూడా కొట్టేసి 17 అని రాశారు. రెండో డోసుకు పెట్టిన ఆరు వారాల గడువు మే 18తో దాటిపోతుందని ఆమె వేళ్ల మీద లెక్కపెడుతూ, దాటితే మొదటి సూది వృథాయేనా అని రోజూ అడిగేది. వృథా కాదని వైద్యులు చెప్పినా ఆమె మనసు కుదుటపడలేదు. జూన్ మొదటి వారంలో గానీ ఆమెకు రెండో డోసు దొరకలేదు. కోవాగ్జిన్ తయారయ్యేది హైదరాబాదు శివార్లలోని జీనోమ్ వ్యాలీలోనే కావడం ఆ నెలలో మాలాంటి ఇళ్లన్నింటినీ బాధపెట్టిన సంగతి.

కోవిషీల్డ్ వేయించుకున్నవారి బాధ మరో రకం. రెండు డోసుల మధ్య ఎడం మొదట నాలుగు నుంచి ఆరు వారాలు, మార్చి 22న ఆరు నుంచి ఎనిమిది, మే 13న 12 నుంచి 16 వారాలు అయింది. దీనికి శాస్త్రీయ ఆధారం లేకపోలేదు. 12 వారాలు ఆగినవారిలో సామర్థ్యం 81 శాతం, ఆరు వారాల లోపు వేయించుకున్నవారిలో 55 శాతం అని ఫిబ్రవరిలో ప్రచురితమైన ఫలితాలు చూపాయి. అయితే సరిగ్గా స్టాకు నిండుకున్న వారంలో ఈ మార్పు రావడంతో, మేలు కోసం ఆగమంటున్నారో, లేక ఆపుతున్నారో తెలియక పెద్దలు తల్లడిల్లారు. ముందే తీసుకున్న స్లాట్లు చెల్లుతాయన్న వివరణ మూడు రోజులు ఆలస్యంగా వచ్చింది.

రెండు తెలుగు రాష్ట్రాలు చెరి కోటి డోసుల కోసం పిలిచిన గ్లోబల్ టెండర్లకు ఒక్క బిడ్డు కూడా రాలేదు. 18 నుంచి 44 ఏళ్లవారు డబ్బు పెట్టి కొనుక్కోవాలన్న విధానం ప్రాథమికంగా చూస్తే ఏకపక్షంగా, అహేతుకంగా ఉందని సుప్రీంకోర్టు ధర్మాసనం మే 31 నాటి ఉత్తర్వులో వ్యాఖ్యానించింది. స్మార్ట్‌ఫోను, ఇంటర్నెట్ లేనివారు టీకాకు పేరు నమోదు చేసుకునే కోవిన్ పోర్టల్ దగ్గరే ఆగిపోతారని కూడా ఆ ఉత్తర్వు ఎత్తిచూపింది. ఆ పోర్టల్‌లో తెలుగు కనిపించింది జూన్‌లోనే. కొనుగోలు బాధ్యతను కేంద్రం తిరిగి చేపడుతుందని జూన్ 7న ప్రకటన వెలువడింది. జూన్ 20న ఆంధ్రప్రదేశ్ ఒక్క రోజులో 13 లక్షలకు పైగా డోసులు వేసింది. అంటే మేలో కరవైంది చేతులు కావు, మందు.

మంచం దిగలేని పెద్దల సంగతి వీరందరికన్నా కష్టం. 75 ఏళ్లు దాటినవారికి ఇంటికే వెళ్లి టీకా వేయాలన్న పిటిషన్‌పై బొంబాయి హైకోర్టు ఏప్రిల్ నుంచి జూన్ దాకా కేంద్రాన్ని పదేపదే అడిగింది. టీకా తర్వాత అరగంట పరిశీలనలో ఉంచాలని, దుష్ప్రభావం కలిగితే వెంటనే వైద్యం అందదని, పెట్టె మాటిమాటికీ తెరిస్తే చల్లదనం పోతుందని, పది డోసుల సీసాలో మిగిలినది వృథా అవుతుందని కేంద్రం జవాబిచ్చింది. ఇవి కొట్టిపారేయదగ్గ కారణాలు కావు, కానీ పరిష్కరించలేనివీ కావు. మే 27న ఇంటికి దగ్గరగా కేంద్రాలు పెట్టాలని మార్గదర్శకాలు వచ్చాయి. కదలలేనివారికి ఇంట్లోనే టీకాకు సెప్టెంబరు 23న అనుమతి వచ్చేసరికి రెండో ఉద్ధృతి ముగిసి నెలలు గడిచాయి.

2022 జనవరి 10న దీర్ఘవ్యాధులున్న అరవై దాటినవారికి ముందుజాగ్రత్త డోసు (మూడో డోసు) మొదలై, మార్చి 16 నుంచి అరవై దాటిన అందరికీ అందింది. అప్పటికి స్టాకుకు కొదవ లేదు. ఆ హడావిడి ముగిశాక పెద్దల టీకాల విషయం మళ్లీ పాత దారినే పట్టింది. ఫ్లూ, న్యుమోనియా, నరాల మీద వచ్చే సర్పి టీకాలను పెద్దలు చాలావరకు సొంత డబ్బుతోనే వేయించుకోవలసి వస్తోంది. బుధవారం వచ్చే ఏఎన్ఎం రిజిస్టరులో గర్భిణికి, బిడ్డకు పేజీలున్నాయి; మా అమ్మ వయసువారికి ఇప్పటికీ పేజీ లేదు.