నిమ్మకాయలో ఆరున్నర మీటర్ల తీగ: వైరస్ తలలోకి డీఎన్ఏ ఎలా చేరుతుంది?

1962లో ఆల్బ్రెక్ట్ క్లైన్‌ష్మిట్ బృందం తీసిన ఒక ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో ఇప్పటికీ జీవశాస్త్ర పుస్తకాల్లో కనిపిస్తుంది. మధ్యలో బ్యాక్టీరియాకు సోకే టీ2 అనే వైరస్ పగిలిన తల, అంటే డీఎన్ఏని దాచుకునే ప్రొటీన్ పెంకు, దాని చుట్టూ ఫొటో నిండా చిక్కుపడ్డ దారంలా డీఎన్ఏ. ఆ దారం పొడవు సుమారు 50 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). తల పొడవేమో మైక్రాన్‌లో దాదాపు పదో వంతు.

అంతకు పదేళ్ల ముందే, 1952లో, హెర్షీ, మార్తా చేజ్ ఇదే టీ2తో చేసిన ప్రయోగంలో బ్యాక్టీరియా లోపలికి వెళ్లేది డీఎన్ఏ అనీ, ప్రొటీన్ పెంకు చాలావరకు బయటే ఉండిపోతుందనీ తేలింది. దారం బయటికి వస్తుందని తెలిసింది సరే, అసలు లోపలికి ఎలా వెళ్లింది?

దీన్ని 'మడత పెట్టడం' అంటుంటాం. నాకైతే ఆ మాట సరిపోదనిపిస్తుంది. ఫై29 అనే చిన్న ఫేజ్‌ని (బ్యాక్టీరియాకు సోకే వైరస్‌లను ఫేజ్‌లంటారు) పది లక్షల రెట్లు పెంచి ఊహించుకోండి. దాని తల ఒక నిమ్మకాయంత అవుతుంది. డీఎన్ఏ 2 మిల్లీమీటర్ల మందమున్న ఆరున్నర మీటర్ల తీగ అవుతుంది. అది మెత్తటి దారం కాదు, నిమ్మకాయంత చిన్న చుట్టగా వంగడానికి మొరాయించే బిరుసు తీగ. పైగా డీఎన్ఏ మీదంతా రుణావేశమే కాబట్టి పక్కపక్క చుట్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. చీర మడత పెడితే అలాగే ఉంటుంది. ఇది వదిలేస్తే ఎగిరిపడుతుంది.

జవాబు వైపు మొదటి పెద్ద అడుగు టీ4 ఫేజ్‌తో పడింది. దాని తల ఎలా తయారవుతుందో చూడటానికే ఉల్రిక్ లెమ్లీ ప్రొటీన్లను జెల్ మీద విడదీసే పద్ధతిని మెరుగుపరిచి 1970లో ప్రచురించారు. ఈ రోజు బయోటెక్నాలజీ విద్యార్థులు ల్యాబ్‌లో నడిపే జెల్ అదే. ఇలాంటి పరిశోధనలతో ఒక సంగతి ఖాయమైంది: ముందు ఖాళీ తల తయారవుతుంది, ఆ తర్వాతే డీఎన్ఏ అందులోకి ఎక్కుతుంది. డీఎన్ఏ చుట్టూ పెంకు కట్టడం కాదు. అంటే తోసే యంత్రం, ఒక మోటారు లాంటిది, ఉండాలి.

ఆ యంత్రం బలాన్ని 2001లో కొలిచారు. బర్క్‌లీలోని కార్లోస్ బుస్టమాంటే బృందం, మిన్నెసోటా పరిశోధకులతో కలిసి, ఒక పూసకు ఫై29 తలను, ఇంకో పూసకు డీఎన్ఏ కొసను అంటించి, లేజర్ కాంతితో పట్టి లాగింది. మోటారు దాదాపు 57 పికోన్యూటన్ల (పికోన్యూటన్ అంటే న్యూటన్‌లో లక్ష కోట్లో వంతు బలం) వరకు ఎదురు లాగి, అప్పుడు గానీ ఆగలేదు. తల నిండేకొద్దీ దాని వేగం తగ్గింది. ఆ లెక్కన లోపలి ఒత్తిడి 60 అట్మాస్ఫియర్ల దాకా ఉంటుందని అంచనా. కారు టైరులో కొట్టించే గాలికి ఇది పాతిక రెట్ల పైమాటే. ఫేజ్ తన డీఎన్ఏని బ్యాక్టీరియాలోకి చిమ్మడానికి దాచుకున్న శక్తి కూడా ఇదే. లాంబ్డా ఫేజ్‌లో, బయటి నుంచి సుమారు 20 అట్మాస్ఫియర్ల ద్రవాభిసరణ ఒత్తిడి పెడితే చిమ్మడం పూర్తిగా ఆగిపోతుందని 2003లో చూపించారు.

టీ4 మోటారు ఇంకా వేగంగా నడుస్తుంది, సెకనుకు 2,000 బేస్ జతల (డీఎన్ఏ నిచ్చెనలో మెట్ల లాంటివి) దాకా. దాని నిర్మాణాన్ని 2008లో మైకేల్ రాస్‌మన్, వెనిగళ్ల రావు బృందాలు బయటపెట్టాయి. వెనిగళ్ల అన్న ఇంటిపేరు మనకు కొత్తది కాదు.

మరి లోపల చుట్లు ఏ పద్ధతిలో ఉంటాయి? 1997లో టీ7 ఫేజ్ చిత్రాల్లో దారపు కండెలా వరసగా చుట్టుకున్న వలయాలు కనిపించాయి. అయితే అది చాలా కణాలను కలిపి తీసిన సగటు చిత్రం. 2014లో ఫై29 మీద జరిగిన పని మరో సంగతి చెప్పింది. మోటారును కాసేపు ఆపి మళ్లీ నడిపిస్తే వేగం పెరిగింది. లోపలి డీఎన్ఏ సర్దుకోవడానికి 10 నిమిషాల పైనే పడుతోంది, మొత్తం ఎక్కించడానికి పట్టే సమయం అంతకంటే తక్కువ. అంటే సర్దుకునే వ్యవధి ఇవ్వకుండానే మోటారు కుక్కేస్తోంది. అందుకే ప్రతి కణంలోనూ అచ్చు ఒకే రకం చుట్టు ఉంటుందనుకోవడం కష్టమని నా అభిప్రాయం.

ఇదంతా ఫేజ్‌ల గొడవే అనుకోవద్దు. మనుషులకు సోకే హెర్పిస్ కుటుంబపు వైరస్‌లు కూడా ఇదే జాతి మోటారును వాడతాయి. ఆ కుటుంబంలోని సైటోమెగలోవైరస్ మామూలుగా శరీరంలో చడీచప్పుడు లేకుండా ఉండిపోతుంది, కానీ మూలకణ మార్పిడి చేయించుకున్నవాళ్ల ప్రాణాల మీదికి తెస్తుంది. 2017లో వాళ్ల కోసం అమెరికాలో అనుమతి పొందిన లెటర్మోవిర్ అనే మందు పట్టుకునేది సరిగ్గా ఈ మోటారునే, టెర్మినేజ్‌నే. మన కణాల్లో అలాంటి మోటారు లేదు. మందు పడ్డాక వైరస్ డీఎన్ఏ తయారవుతూనే ఉంటుంది, కానీ అది ముక్కలుగా తెగదు, తలల్లోకీ చేరదు.