పీచు అంటే దారం కాదండీ!

"మీ తిండిలో పీచు (ఫైబర్) తక్కువగా ఉందండీ" అనగానే నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది చెప్పే మాట ఒకటే: "లేదు మేడమ్, వారానికి రెండుసార్లు ములక్కాడ వండుకుంటాం." డైటీషియన్‌గా నేను ముందు పోగొట్టాల్సిన అపోహ ఇదే.

అపోహ: పంటికి దారాల్లా తగిలేదే పీచు.

ములక్కాడ నమిలి ఊసేసిన పిప్పి మన లెక్కలోకి రాదు. నాటుకోడి, ముదురు మటన్ ఎంత పీచుపీచుగా ఉన్నా అది కండే, అంటే ప్రొటీన్. మాంసం, గుడ్డు, పాలలో పీచు సున్నా. అదే బెండకాయ తరిగేటప్పుడు కత్తికి అంటుకునే జిగురు ఉంది చూశారూ, అందులో పీచు ఉంది. రాత్రి చెంచాడు మెంతులు నానబెట్టి పొద్దున వేళ్లతో నలపండి, జారిపోతుంటాయి. సబ్జా గింజల చుట్టూ ఉబ్బే పొరా అంతే. ఈ జిగురు రకం పీచు పేగుల్లో పైత్యరసంలోని ఆమ్లాలను పట్టుకుని మలంతో బయటికి పంపేస్తుంది. వాటిని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుంది. అందుకే చెడు కొలెస్ట్రాల్ కొంత తగ్గుతుంది. తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలో కలిసే వేగం కూడా తగ్గుతుంది. కాబట్టి పీచు మలబద్ధకం ఉన్నవాళ్లకే అనుకోవద్దు.

అపోహ: కంచం పక్కన నాలుగు కీరా ముక్కలుంటే చాలు.

కీరాలో 95 శాతం నీళ్లే. పెద్దవాళ్లకు రోజుకు కనీసం 25 గ్రాముల పీచు కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఈమధ్య ఒక పెద్దాయన రోజంతా తినేది ఆయనతోనే కూర్చుని లెక్కేశాను. పొద్దున ఇడ్లీ, రెండు పూటలా తెల్లన్నం, కాస్త పప్పు, కూర, చారు, పెరుగు, కీరా, సాయంత్రం బిస్కెట్లు. పాలిష్ పట్టిన బియ్యం 100 గ్రాముల్లో పీచు 3 గ్రాములు కూడా ఉండదు. ఎంత కూడినా 12 దాటలేదు. "కీరా రోజూ తింటున్నా కదమ్మా" అన్నారాయన, ముఖం చిన్నబుచ్చుకుని. నాకూ మనసు కలుక్కుమంది. అన్నం మానేయమని నేను చెప్పలేదు. ఒక గరిటె తగ్గించి పప్పు, కూర ఆ మేరకు పెంచమన్నాను. సాయంత్రం బిస్కెట్ల బదులు నల్ల శనగల గుగ్గిళ్లు. 50 గ్రాముల శనగలు నానబెట్టి ఉడికిస్తే 8 నుంచి 12 గ్రాముల పీచు వాటిలోనే వచ్చేస్తుంది. పైన ఒక జామకాయ, గింజలతో సహా.

అపోహ: జ్యూస్ తాగినా పండు తిన్నట్టే.

జ్యూస్ వడకడితే పీచు పిప్పిలోనే ఉండిపోతుంది. బత్తాయి తొనలే తినండి.

అపోహ: రాగి జావ ఎంత తాగినా షుగర్ పెరగదు.

రాగుల్లో పీచు బాగా ఉన్నమాట నిజమే. కానీ మెత్తటి పిండితో పల్చగా కాచిన జావ త్వరగా అరిగిపోతుంది. ఒక పెద్ద గ్లాసు తాగి, రెండు గంటలయ్యాక గ్లూకోమీటర్‌లో చూసుకోండి, మీకే తెలుస్తుంది.

అపోహ: గ్యాస్ వచ్చిందంటే పీచు నాకు పడదు.

చాలాసార్లు పడక కాదు, ఒక్కసారిగా పెంచడం వల్ల. పీచును పేగుల్లోని బ్యాక్టీరియా పులియబెడుతుంది, దానికి అలవాటు కావాలి. రెండు మూడు వారాల్లో కొంచెం కొంచెంగా పెంచండి, నీళ్లు బాగా తాగండి. మలబద్ధకానికి వాడే ఇసబ్‌గోల్ పొట్టు వేసుకుంటే గ్లాసు నిండా నీళ్లు తప్పనిసరి, లేకపోతే గొంతులోనే ఉబ్బి అడ్డుపడొచ్చు. పేగు ఆపరేషన్ అయినవాళ్లు, పేగు సన్నబడిందని డాక్టర్ చెప్పినవాళ్లు అడగకుండా పెంచకూడదు. మలంలో రక్తం పడుతున్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా "పీచు తిని చూద్దాంలే" అని రోజులు గడపకండి, వెంటనే డాక్టర్‌కు చూపించుకోండి.