చేతిలో కార్డు, జేబులోంచి బిల్లు: ఆరోగ్యశ్రీ మీద అపోహలు - వాస్తవాలు

నేను నల్లగొండలో ఆరోగ్యమిత్రను, అంటే పేదలకు ఉచిత వైద్యం అందించే ఆరోగ్యశ్రీ పథకం కింద వచ్చే రోగులకు హాస్పిటల్‌లో సాయం చేసే మనిషిని. హాస్పిటల్ గేటు దాటగానే కుడిచేతి వైపు నా టేబుల్. దానికి ఇరవై అడుగుల అవతల బిల్లింగ్ కౌంటర్. చాలా ఇళ్లలో అప్పు పుట్టేదీ తప్పేదీ ఈ ఇరవై అడుగుల్లోనే. ముందు నా దగ్గరికొస్తే ఒక లెక్క, అక్కడ డబ్బు కట్టి తర్వాత నా దగ్గరికొస్తే ఇంకో లెక్క.

పథకం కొత్తదేం కాదు. 2007 ఏప్రిల్ 1న మొదలైన మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి, మిగతావి అనంతపురం, శ్రీకాకుళం. అంటే పాలమూరు జనానికి ఇది తెలిసి పద్దెనిమిదేళ్లు దాటింది. అయినా పొద్దున తొమ్మిదింటికి కుర్చీలో కూర్చుంటే చాలు, అవే మాటలు.

అపోహ: "పది లచ్చలు వస్తయంట గదా"

మునుగోడు వైపు నుంచి వచ్చిన ఒకాయన భార్యను డిశ్చార్జ్ చేయించుకుని, సంచి సర్దుకుని, నా ముందుకొచ్చి నిలబడ్డాడు. "ఆపరేషన్ రెండు లచ్చలల్ల అయిపాయె. మిగిలిన ఎనిమిది ఎప్పుడేస్తరు మేడం?" నవ్వు ఆపుకోవడం కష్టమైంది. కానీ తప్పు ఆయనది కాదు. ఊళ్లో మైకుల్లో "పేదలకు 10 లక్షలు" అని విన్నాడు, అదే నమ్మాడు.

ఆ 10 లక్షలు పరిమితి మాత్రమే. మొదట్లో అది 2 లక్షలు, తర్వాత 5 లక్షలు, 2023 డిసెంబర్ 9 నుంచి 10 లక్షలు. ఇంట్లో ఎంతమంది ఉన్నా, అందరికీ కలిపి ఏడాదికి అంతవరకు వైద్యం. డబ్బు మన చేతికి రాదు, ఖాతాలోనూ పడదు. ఒక్కో చికిత్సకు ఒక రేటు ముందే ఖరారై ఉంటుంది, ఆ రేటు పథకాన్ని నడిపే ఆరోగ్యశ్రీ ట్రస్టు నుంచి హాస్పిటల్‌కు పోతుంది. మిగిలింది వచ్చే ఏడాదికి కలవదు కూడా.

అపోహ: "ముందు డబ్బు కట్టి చేరుదాం, కార్డు సంగతి తర్వాత చూద్దాం"

అన్నిటికంటే ఖరీదైన అపోహ ఇదే. మా ఇంట్లోనే జరిగింది కాబట్టి చెప్తున్నాను.

దేవరకొండలో ఉండే మా మేనమామకు ఒక రాత్రి గుండె నొప్పి వచ్చింది. మా బావ కారు మాట్లాడుకుని ఆయన్ను హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రికి తీసుకుపోయాడు. కౌంటర్‌లో అడ్వాన్స్ అడిగారు, కట్టాడు. రేషన్ కార్డు ఇంట్లోనే ఉంది. నంబర్ గుర్తులేదు, అడగాలన్న ఆలోచన కూడా రాలేదు. తెల్లారి ఏడింటికి నాకు ఫోన్. "కార్డు పెడదాం, నువ్వు మాట్లాడు" అన్నాడు. మాట్లాడాను. "క్యాష్ పేషెంట్‌గా చేరారు, స్టెంట్ కూడా వేసేశాం, ఇప్పుడు ఎలా మారుస్తాం" అన్నారు. ఆ హాస్పిటల్ ఆరోగ్యశ్రీ నెట్‌వర్క్‌లోనే ఉంది, అంటే పథకంలో చేరిన ఆస్పత్రే. ఆరోగ్యమిత్ర టేబుల్ కూడా ఉంది. మా వాళ్లు దాని ముందు నుంచే నడిచి వెళ్లారు. రోజూ వందమందికి చెప్పే నేను మా సొంతవాళ్లకు చెప్పలేదు. పత్తి అమ్మిన డబ్బులు అట్లా పోయాయి.

కాబట్టి గేటులో అడుగుపెట్టగానే "మాది ఆరోగ్యశ్రీ, మిత్ర ఎక్కడ?" అని అడగండి. మిత్ర మీ కార్డు నంబర్ చూసి పేరు నమోదు చేస్తారు. డాక్టర్ చూసి, పరీక్షలు చేసి, ఫలానా చికిత్స కావాలని రాస్తే హాస్పిటల్ ఆన్‌లైన్‌లో ట్రస్టుకు పంపుతుంది. అక్కడి డాక్టర్లు చూసి అప్రూవల్ ఇస్తారు. ఎమర్జెన్సీ అయితే ఫోన్ మీదే అనుమతి తీసుకుని చికిత్స మొదలుపెట్టే పద్ధతి ఉంది. రిపోర్టు ఒకటి తక్కువైందనో, ఫిల్మ్ సరిగా లేదనో ట్రస్టు నుంచి ప్రశ్న వస్తే మా భాషలో "క్వెరీ పడింది" అంటాం. అలాంటప్పుడు ఒకటి రెండు రోజులు అటూ ఇటూ అవుతుంది. "అప్రూవల్ రాలేదట, డబ్బు కట్టేద్దాం" అని అప్పటికప్పుడు తొందరపడకండి. ప్రాణాపాయం ఉందా లేదా అని డాక్టర్‌ని సూటిగా అడగండి. లేదంటే ఆగండి.

అపోహ: "అప్రూవల్ కావాలంటే ఎమ్మెల్యేతో ఫోన్ కొట్టించాలె"

అవసరం లేదు. ఫోన్ వస్తే నేను "సరే సార్" అంటాను, ఫైలు మాత్రం దాని వరుసలో అది పోతుంది. లీడర్ లెటర్ పనికొచ్చేది సీఎం రిలీఫ్ ఫండ్‌కు. దాని సంగతి కింద చెప్తాను.

అపోహ: "కార్డుంటే ఏ హాస్పిటలైనా, ఏ రోగమైనా"

2024 జులైలో కొత్తవి చేర్చాక పథకంలో ఉన్న చికిత్సలు 1,835. జ్వరానికి సూది, దగ్గుకు మందు, షుగర్ గోళీలు, ఇలాంటి ఓపీ ఖర్చులు అందులోకి రావు. అయితే పథకంలో ఉన్న జబ్బు అనుమానంతో వచ్చిన మనిషికి నెట్‌వర్క్ హాస్పిటల్‌లో ఆ పరీక్షలు ఉచితంగా చేయాలి. చివరికి ఆపరేషన్ అక్కర్లేదని తేలినా సరే. ఈ విషయం చాలామందికి తెలియదు.

నెట్‌వర్క్‌లో ఉన్న హాస్పిటల్ కూడా అన్ని విభాగాలకూ ఉండదు. ఎముకలకు ఉండొచ్చు, గుండెకు లేకపోవచ్చు. కొన్ని ఆపరేషన్లను ప్రభుత్వ ఆస్పత్రులకే పరిమితం చేశారు. బోర్డు మీద "ఆరోగ్యశ్రీ కలదు" అని పచ్చ అక్షరాలు చూసి లోపలికి పోకండి. 104కు ఫోన్ చేసి ఊరు పేరు, జబ్బు పేరు చెప్తే దగ్గరలో ఏది ఉందో చెప్తారు. ఊళ్లో ఆర్‌ఎంపీ "ఫలానా దవాఖానకే పో, నేను ఫోన్ చేసిన" అంటే కూడా ఆ ఫోన్ ఒకటి చేశాకే బండెక్కండి. ఆర్‌ఎంపీల్లో మంచివాళ్లున్నారు. కమీషన్ల కోసం పంపేవాళ్లూ ఉన్నారని నేను చెప్పక్కర్లేదు.

2025లో బకాయిలు రాలేదని ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు సేవలు ఆపిన రోజులు కూడా చూశాం. అప్పుడు మా టేబుల్ దగ్గర తిట్లన్నీ మాకే. అలాంటి రోజుల్లో సర్కారు దవాఖానలు పనిచేస్తూనే ఉంటాయి. నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తిలో ఇప్పుడు మెడికల్ కాలేజీ ఆస్పత్రులున్నాయి. పదేళ్ల కింద ప్రతి కేసూ గాంధీకో ఉస్మానియాకో అన్నట్టు ఉండేది.

అపోహ: "సర్కారు దవాఖానల కార్డెందుకు, ఎట్లాగూ ఉచితమే గదా"

అయినా కార్డు ఇవ్వండి. మీ కేసు ఆరోగ్యశ్రీలో నమోదైతే ఆ క్లెయిమ్ డబ్బు ఆ ఆస్పత్రికే వస్తుంది. రాడ్లు, ప్లేట్ల లాంటివి బయట కొనుక్కురమ్మనే అవసరం తగ్గుతుంది.

అపోహ: "మా కోడలి పేరు కార్డుల లేదు, ఇగ రాదు"

ఇక్కడ కాస్త ఆగాలి, ఎందుకంటే నా టేబుల్ దగ్గర సగం కన్నీళ్లు ఇక్కడే.

ఆధారం రేషన్ కార్డే, అంటే ఫుడ్ సెక్యూరిటీ కార్డు. పాత ఫోటో ఉన్న ఆరోగ్యశ్రీ కార్డు పోయిందని ఏడవక్కర్లేదు. పెళ్లయి మిర్యాలగూడ వచ్చిన అమ్మాయి పేరు అత్తగారి కార్డులో లేకపోవచ్చు, కానీ నాంపల్లిలో తల్లిగారి కార్డులో ఇంకా ఉంటుంది. అయితే ఆ కార్డు నంబర్ తెప్పించండి, అది పనిచేస్తుంది. నేను చూసిన కేసుల్లో చాలావరకు ఇట్లాగే తీరాయి. అసలు చిక్కు ఎక్కడంటే, పెళ్లి కాగానే తల్లిగారింట్లో పేరు తీయించి అత్తగారింట్లో ఎక్కించడం మరిచిపోయిన వాళ్లతో. వాళ్లు రెండు వైపులా లేరు. కొత్త కార్డులు ఏళ్ల తరబడి ఆగిపోయి 2025 జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా పంపిణీ మొదలైంది. ఆ వారంలో నా దగ్గరికొచ్చిన వాళ్లలో చాలామంది అడిగింది సన్నబియ్యం గురించి, నేను అడిగింది పిల్లల పేర్లు ఎక్కాయా అని. కార్డులో పేరు చేర్చడం మీసేవలో దరఖాస్తుతో మొదలవుతుంది. ఆదాయ పరిమితి పల్లెల్లో ఏడాదికి లక్షన్నర, పట్నాల్లో 2 లక్షలు. జబ్బు రాకముందే చేయించుకోండి. అప్పుడే పుట్టిన బిడ్డ అయితే జనన ధ్రువపత్రం, తల్లి ఆధార్ పట్టుకుని మిత్రను కలవండి. "పేరు లేదు గదా" అని మీకు మీరే తీర్పు చెప్పుకుని వెనక్కి పోకండి.

ఇంకొకటి, పేర్ల తేడా. రేషన్ కార్డులో యాదమ్మ, ఆధార్‌లో యాదగిరమ్మ, బ్యాంకు పుస్తకంలో వై. యాదమ్మ. ముగ్గురూ ఒకే మనిషి అని ఊరంతా చెప్తుంది, కంప్యూటర్ ఒప్పుకోదు. ఆరోగ్యంగా ఉన్నప్పుడు ఆధార్ సెంటర్‌లో సరిచేయించుకోవడం ఒక పూట పని. మనిషి మంచం మీదున్నప్పుడు అదే వారం పని.

అపోహ: "ఏలుముద్ర పడ్తలేదు, ఇగ మనకు లేనట్టే"

మొన్న కట్టంగూర్ దగ్గరి ఊరి నుంచి ఒక గీత కార్మికుడు వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి. నలభై ఏళ్లు మోకు పట్టుకుని తాడెక్కిన చేతులు. బొటనవేలు పెడితే మిషన్ ఎర్ర లైటు. మళ్లీ పెడితే మళ్లీ ఎర్ర లైటు. "నా ఏళ్లు తాటిచెట్టు తిన్నది బిడ్డా" అన్నాడు. సబ్బుతో చేతులు కడుక్కుని, తువ్వాలతో బాగా తుడుచుకుని రమ్మన్నాను. అయిదు వేళ్లూ ఒక్కొక్కటీ పెట్టించాను. ఎడమచేతి ఉంగరం వేలికి పచ్చ లైటు వచ్చింది. పత్తి ఏరే అక్కలకు, సున్నం పనికి పోయేవాళ్లకు, బండలు కొట్టేవాళ్లకు ఇదే ఇబ్బంది. ఒక్క వేలికి రాలేదని లేచిపోవద్దు.

అపోహ: "కార్డు మీద ఏసేది తక్కువ రకం స్టెంటు. తేడా పైసలు కడితే మంచిది ఏస్తరు"

ఈ మాట మీతో ఎవరైనా అన్నారంటే, అక్కడే రసీదు అడగండి. ప్యాకేజీలో డాక్టర్ ఫీజు, మందులు, పరీక్షలు, లోపల వేసే పరికరం, పేషెంట్ భోజనం అన్నీ కలిసి ఉంటాయి. ఇంటికి పోయేటప్పుడు బస్సు చార్జీ కూడా. ఆ చార్జీ అడిగి తీసుకున్నవాళ్లను నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను. డిశ్చార్జ్ అయ్యాక పది రోజుల మందులూ అందులోవే. డబ్బు అడిగితే మిత్రకు చెప్పండి, మిత్ర పట్టించుకోకపోతే 104కు చెప్పండి. అవును, మిత్రల మీద కూడా ఫిర్యాదు చేయొచ్చు. మా వాళ్లందరూ ఉత్తములని నేను అనను.

అపోహ: "సీఎం రిలీఫ్ ఫండ్ ఉంది గదా, ఖర్చంతా తిరిగొస్తది"

అంతా రాదు. బిల్లులో కొంత భాగమే వస్తుంది, ఎంత అనేది వాళ్ల నిర్ణయం. పైగా ఆరోగ్యశ్రీలో ఉచితంగా అయిన దానికి అక్కడ మళ్లీ అడగడానికి లేదు. సొంత డబ్బు పెట్టినవాళ్లకే అది. ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జ్ సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు ఖాతా వివరాలు, ప్రజాప్రతినిధి సిఫార్సు కావాలి. 2024 జులై నుంచి దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసుల్లో ఎక్కిస్తారు. ఒరిజినల్ బిల్లులు ఇచ్చేముందు జిరాక్స్ తీసి పెట్టుకోండి. "బిల్లు పెద్దది రాయిస్తా, వచ్చినదాంట్ల సగం నాది" అనేవాడు దగ్గరికొస్తే దూరం జరగండి. నకిలీ బిల్లుల మీద 2024లో సీఐడీ ఆస్పత్రులపైనే కేసులు పెట్టింది.

చికిత్స ఇంకా కాలేదు, నిమ్స్ లాంటి చోట పెద్ద ఆపరేషన్ ఉంది, అది ఆరోగ్యశ్రీలో రాదు అన్నప్పుడు అడగాల్సింది ఎల్‌ఓసీ, అంటే ఆస్పత్రికి ఇచ్చే డబ్బు హామీ పత్రం. ఆస్పత్రి ఇచ్చిన ఎస్టిమేట్ కాగితం మీద, ముందే, అదే ఫండ్ నుంచి మంజూరవుతుంది. డబ్బు నేరుగా ఆస్పత్రికి పోతుంది. చెక్కు కోసం నెలలు ఎదురుచూసేకంటే ఇది నయం. కానీ ఆపరేషన్ అయ్యాక ఎల్‌ఓసీ అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

అపోహ: "మన కార్డు ఎక్కడైనా చెల్లుతది"

గద్వాల, అలంపూర్ వాళ్లకు కర్నూలు దగ్గర. నారాయణపేట, మక్తల్ వాళ్లకు రాయచూరు దగ్గర. అక్కడి రాష్ట్ర పథకాలు అక్కడి కార్డుల వాళ్లవి. ఆ ఆస్పత్రి మన నెట్‌వర్క్‌లో ఉందో లేదో కనుక్కోకుండా బస్సెక్కొద్దు. రాష్ట్రం దాటినా పనిచేసేది కేంద్రం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ కార్డు, 5 లక్షల వరకు. బొంబాయి, పుణె పనులకు పోయే పాలమూరు వాళ్లు ఇది చేయించుకుని జేబులో పెట్టుకోవాలి. అయితే ప్రతి రేషన్ కార్డు వాళ్లకూ ఇది రాదు. 2011 సామాజిక ఆర్థిక కుల గణన జాబితాలో కుటుంబం ఉండాలి. ఉందో లేదో 14555కు ఫోన్ చేసి తెలుసుకోండి. ఇంట్లో 70 ఏళ్లు నిండినవాళ్లుంటే వాళ్ల సంగతి వేరుగా అడగండి. 2024 అక్టోబర్ 29న కేంద్రం వాళ్లకు ఆదాయంతో పనిలేకుండా ఆధార్ వయసు మీదే కార్డు మొదలుపెట్టింది.

అపోహ: "యాక్సిడెంట్ కేసు, పోలీసులొచ్చేదాక ముట్టరు"

అటు విజయవాడ రోడ్డు, ఇటు జడ్చర్ల మీదుగా బెంగళూరు రోడ్డు. యాక్సిడెంట్ కేసులు మాకు రోజూ వస్తాయి. ఎమర్జెన్సీలో ముందు వైద్యం చేయాల్సిందే, పోలీసు కాగితాలు తర్వాత. 2025 మే నుంచి కేంద్రం రోడ్డు ప్రమాద బాధితులకు మొదటి ఏడు రోజులకు లక్షన్నర వరకు నగదు లేని చికిత్స పథకం పెట్టింది. దానికి తెల్లకార్డు ఉండాలన్న నియమం లేదు. తెచ్చినవాళ్లు 112కు ఫోన్ చేసి కేసు నమోదు చేయించడం మరిచిపోవద్దు.

ఒక చిన్న పని చెప్తాను. ఇప్పుడే చేయండి. రేషన్ కార్డు, ఇంట్లో అందరి ఆధార్ ఫోటో తీసి ఇంట్లోవాళ్లందరి వాట్సాప్‌లో పెట్టండి. మా బావ ఫోన్‌లో ఆ రాత్రి అదొక్కటే లేదు.