హిమాలయాలకు గడువు పెట్టిన అంకె

ఎండల గురించి ఎక్కడ మాట వచ్చినా ఎవరో ఒకరు అడుగుతారు: ‘2035కల్లా హిమాలయాల్లో మంచే ఉండదన్నారుగా, ఏమైంది?’ ఆ అడగడంలో ఎకసెక్కం ఉంటే ఉండనీ, ప్రశ్న మాత్రం న్యాయమైనదే. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు సంఘం ఐపీసీసీ 2007 నివేదికలో ఆ మాట నిజంగానే ఉంది. శాంతి నోబెల్ పంచుకున్న ఏడాదే ఐపీసీసీ పప్పులో కాలేసింది.

నివేదిక రెండో సంపుటంలోని ఆసియా అధ్యాయం ఆ అంకెను ప్రకృతి సంరక్షణ సంస్థ డబ్ల్యూడబ్ల్యూఎఫ్ 2005లో వేసిన నివేదిక నుంచి తీసుకుంది. వాళ్లకు అది 1999లో ‘న్యూ సైంటిస్ట్’ పత్రికలో వచ్చిన ఒక వార్త నుంచి దొరికింది. ఆ వార్త వెనుక తోటి శాస్త్రవేత్తల సమీక్షకు నిలిచిన పరిశోధన పత్రం ఏదీ లేదు. హిమానీనదాల విస్తీర్ణం 5 లక్షల చదరపు కిలోమీటర్ల నుంచి లక్షకు తగ్గిపోతుందని కూడా ఐపీసీసీ అధ్యాయంలో అదే చోట రాశారు. ఆ లెక్క 1996 నాటి ఒక రష్యన్ శాస్త్రవేత్తది. ఆయన చెప్పింది ధ్రువాల బయట ప్రపంచమంతటా ఉన్న మంచు గురించి, పెట్టిన గడువు 2350. హిమాలయ హిమానీనదాలు సుమారు 30 లక్షల హెక్టార్లు, అంటే 30 వేల చదరపు కిలోమీటర్లని అదే విభాగం మొదట్లో ఉంది. 30 వేలు లక్షకు ‘తగ్గడం’ ఎలాగో చదివినవాళ్లెవరూ అడగలేదు కాబోలు. భౌతికశాస్త్రం చర్చించిన మొదటి సంపుటంలో ఈ తప్పు లేదు.

అయితే ఒక అంకె తప్పినంత మాత్రాన లోకం మొత్తం విజ్ఞానాన్నే శంకించదు. అందుకు నేల ముందే దున్ని ఉంది. బొగ్గు కాలిస్తే భూమి వేడెక్కుతుందని స్వీడన్ శాస్త్రవేత్త ఆరీనియస్ 1896లోనే లెక్కగట్టారు. 1958 నుంచి హవాయిలోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను కొలుస్తుంటే, గీత ఏటేటా పైకే పోయింది. 1977లో చమురు కంపెనీ ఎక్సాన్ పెద్దలకు వాళ్ల సొంత శాస్త్రవేత్తే ఈ ముప్పు వివరించారు. 1988 జూన్‌లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ అమెరికా సెనేట్ కమిటీ ముందు, వేడి పెరగడం మొదలైపోయిందని సాక్ష్యమిచ్చారు. మరుసటి ఏడాదే చమురు, బొగ్గు, కార్ల కంపెనీలు కలిసి గ్లోబల్ క్లైమేట్ కోయలిషన్ పేరుతో ఒక కూటమి కట్టాయి.

ఈ శాస్త్రం మీద అనుమానాలు నాటాలన్న వాళ్ల ఎత్తు సిగరెట్ కంపెనీల దగ్గర నేర్చినదే. ‘అనుమానమే మన సరుకు’ అని 1969లో ఒక పొగాకు కంపెనీ తన వాళ్లకు రాసుకున్న పత్రం తర్వాత బయటపడింది. 1998లో అమెరికా పెట్రోలియం సంస్థ చుట్టూ తయారైన పథకంలోనూ ఆ వాసనే: వాతావరణ శాస్త్రంలో అనిశ్చితి ఉందని సగటు పౌరుడు ‘గ్రహించిన’ రోజున గెలిచినట్టు. తప్పని నిరూపించాల్సిన పనే లేదు, ‘ఇంకా తేలలేదట’ అనిపిస్తే చాలు.

మన దేశంలో రగడ 2009 నవంబరులో మొదలైంది. అప్పటి పర్యావరణ మంత్రి, ఆంధ్రప్రదేశ్ నుంచి రాజ్యసభ సభ్యుడైన జైరాం రమేశ్, భారత భూగర్భ సర్వే సంస్థ (జీఎస్ఐ) మాజీ అధికారి వి.కె. రైనా రాసిన చర్చాపత్రాన్ని విడుదల చేశారు. హిమానీనదాలు అసాధారణంగా కరుగుతున్నాయనడానికి గట్టి ఆధారం లేదని దాని సారం. ఐపీసీసీ అధ్యక్షుడు రాజేంద్ర పచౌరీ దాన్ని ‘వూడూ సైన్స్’ (మంత్రాల మాయ శాస్త్రం) అని ఈసడించారు. ఆ పత్రం కూడా సమీక్ష దాటి వచ్చింది కాదు. కానీ 2035 విషయంలో మంత్రి సందేహమే నిజమైంది. కెనడాలోని ట్రెంట్ విశ్వవిద్యాలయానికి చెందిన గ్రాహం కాగ్లీ వంటివారు అంకె మూలాలు తవ్వితీశారు. 2010 జనవరి 20న ఐపీసీసీ విచారం ప్రకటించింది. తప్పు కంటే ఆ ఈసడింపే ఎక్కువ చెరుపు చేసిందని నాకనిపిస్తుంది.

కాలం కూడా కలిసిరాలేదు. అదే నవంబరులో బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయ వాతావరణ శాస్త్రవేత్తల ఈమెయిళ్లు వెయ్యికి పైగా చోరీ అయి బయటపడ్డాయి. అందులోని ‘ట్రిక్’ అనే మాట చుట్టూ చిలవలు పలవలు అల్లారు. శాస్త్రవేత్తల నిజాయితీని శంకించనక్కర్లేదని, సమాచారం దాచుకునే తీరు మాత్రం బాగాలేదని 2010 జులైలో విచారణ తేల్చింది. ఈలోగా జరగాల్సింది జరిగిపోయింది. భూతాపం తీవ్రతను ఎక్కువ చేసి చెబుతున్నారనే అమెరికన్లు 1997లో 31 శాతం ఉండగా, 2010 మార్చి గాలప్ సర్వేలో 48 శాతమయ్యారు.

అనుమానించిన వాళ్లందరూ అమ్ముడుపోయినవారు కారు. బర్క్‌లీ భౌతికశాస్త్రవేత్త రిచర్డ్ ముల్లర్‌కు ఉష్ణోగ్రత లెక్కల మీద నిజంగానే గురి లేదు. సొంత బృందంతో మొదటి నుంచి లెక్క వేశారు. అందిన విరాళాల్లో చమురు వ్యాపారి చార్లెస్ కోక్ ఫౌండేషన్ సొమ్ము కూడా ఉంది. 250 ఏళ్లలో నేల మీద సుమారు 1.5 డిగ్రీలు పెరిగిందనీ, కారణం మనుషులేననీ 2012లో తానే ప్రకటించారు. ఆ వార్తకు 2035కు ఉన్నంత ఆయుష్షు లేకపోయింది.

2035కల్లా హిమాలయాలు బోడికొండలు కావు. హిందూకుష్ హిమాలయాల్లో 2011-20 మధ్య మంచు కరిగిన వేగం అంతకుముందు దశాబ్దం కంటే 65 శాతం ఎక్కువని ఖాట్మండులోని ఇసిమోడ్ అనే పర్వత ప్రాంతాల అధ్యయన సంస్థ 2023లో లెక్క చెప్పింది. ఉద్గారాలు ఇలాగే సాగితే ఈ శతాబ్దాంతానికి అక్కడి హిమానీనదాల మంచు 80 శాతం దాకా పోవచ్చని కూడా అందులోనే ఉంది.