కాటా చీటీలో కనిపించని నీరు

విజయవాడ చుట్టుపక్కల ఏ కట్టెల అడితికి వెళ్లినా సరుగుడు, సుబాబుల్, జామాయిల్, సర్కారు తుమ్మ కనిపిస్తాయి. టన్ను ఇంత అంటారు, లారీ కాటా ఎక్కుతుంది, చీటీ చేతికొస్తుంది. కట్టెలో నీరెంత ఉందో మాత్రం ఆ చీటీలో ఉండదు. పొయ్యిలోకి కొనే సరుకుకి ముందు తెలియాల్సింది అదే.

అప్పుడే నరికిన చెట్టు బరువులో దాదాపు సగం నీరు. జాతిని బట్టి, కాలాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది. సగమే అనుకుంటే, పచ్చి కట్టె టన్ను కొన్నవాళ్లకు దక్కేది 500 కిలోల కలప, 500 కిలోల నీరు. అదే సరుకు 20 శాతం తేమకి ఆరితే 625 కిలోలే తూగుతుంది. కలప పిసరంత కూడా తగ్గలేదు, 375 కిలోల నీరు మాత్రం పోయింది. నెలల తరబడి ఎండబెట్టి అమ్మినవాడు కాటా దగ్గర నష్టపోతున్నాడన్నమాట. ఎండు కట్టెకీ పచ్చి కట్టెకీ ఒకే ధర కట్టడం అన్యాయం. ఆ పద్ధతి ఉన్నంతకాలం ఎవరూ ఓపిగ్గా ఎండబెట్టరు.

బరువు వదిలేసి పేర్పుని కొలిస్తే? ఒక ఘనమీటరు పేర్పులో అసలు కలప 0.6 నుంచి 0.7 ఘనమీటరు దాకా ఉంటుంది, మిగతాది గాలి. వంకర కొమ్మలైతే కలప ఇంకా తక్కువ. దుంగలకైతే చుట్టుకొలతలో నాలుగో వంతుని వర్గం చేసి, పొడవుతో గుణించే పాత లెక్క ఒకటుంది. గుండ్రటి దుంగకి అది అసలు పరిమాణంలో 78.5 శాతమే చూపిస్తుంది. పైగా ఒకే కొలత పేర్పులో సుబాబుల్ కంటే సరుగుడు బరువెక్కువ, కాబట్టి వేడీ ఎక్కువ. నీరు పూర్తిగా తీసేసి కిలోల్లో చూస్తే ఏ చెట్టు కలపైనా ఇచ్చే వేడి దాదాపు ఒకటే, కిలోకి 18 నుంచి 19 మెగాజౌల్స్ (వేడిని కొలిచే ప్రమాణం). అందుకే బరువూ తేమా రెండూ కలిపి చూస్తేనే లెక్క తేలుతుంది.

తేమ వల్ల పోయే వేడి ఎంత? కిలో నీటిని ఆవిరి చేయడానికి సుమారు 2.5 మెగాజౌల్స్ కావాలి. ఈ లెక్కన సగం నీరున్న కట్టె కిలోకి 8 మెగాజౌల్స్ ఇస్తే, 20 శాతం తేమ ఉన్నది 14 పైచిలుకు ఇస్తుంది. కానీ పచ్చి టన్ను మొత్తాన్నీ, అది ఆరాక మిగిలిన 625 కిలోలనీ పోల్చండి. ఎండబెట్టడం వల్ల కలిసొచ్చే వేడి 12 శాతం దగ్గరే. కాగితం మీద ఇంతే అయినా, పొయ్యి దగ్గర తేడా చాలా ఎక్కువ. కారణం పొగ. పొడి కలపలో దాదాపు నాలుగింట మూడొంతులు వాయువులుగా మారి మంటలో కాలాలి. నీరు ఆవిరవుతున్నంతసేపూ కట్టె వేడెక్కదు, మంట చల్లబడుతుంది, ఆ వాయువులు కాలకుండానే బయటికి పోతాయి. మన కళ్లు మండించే పొగలో ఇంధనమే ఉంది. పొయ్యి ముందు కూర్చున్న మనిషి ఊపిరితిత్తుల్లోకి వెళ్లేదీ అదే.

తేమ కొలవడానికి ప్రామాణిక పద్ధతి చాలా సులువు. ముక్కని తూచి, 105 డిగ్రీల దగ్గర ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచి, మళ్లీ తూచాలి. 400 గ్రాముల ముక్క 260కి దిగితే పోయిన నీరు 140 గ్రాములు. పచ్చి బరువు మీద చూస్తే అది 35 శాతం, పొడి బరువు మీద చూస్తే 54 శాతం. ఇంధనం వాళ్లు మొదటి లెక్క వాడతారు, కలప పని వాళ్లు రెండోది. బేరమాడేటప్పుడు ఏ లెక్కో అడగకపోతే మోసపోవచ్చు. రెండు సూదులు గుచ్చి చూసే చేతి మీటరు కలప విద్యుత్ నిరోధాన్ని బట్టి తేమ చెబుతుంది. చాలా మీటర్లు చూపించేది పొడి బరువు లెక్కే, అదీ 30 శాతం లోపే నమ్మదగ్గది. పైపైన గుచ్చితే ఎండిన తొక్కే తెలుస్తుంది. దుంగని అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద గుచ్చాలి.

ఇక ఎండబెట్టడం. చెట్టులో నీటి దారులన్నీ నిలువుగా ఉంటాయి. అడ్డంగా నీరు కదలడం చాలా నెమ్మది, బెరడు దాన్ని ఇంకా ఆపుతుంది. అందుకే పొట్టిగా కోసి చీల్చాలి. కొట్టిన చెట్టుని ఆకులతోనే కొన్నాళ్లు వదిలేస్తే, వాడిపోయేలోగా ఆ ఆకులే కొంత నీటిని లాగేస్తాయి. మాఘ ఫాల్గుణాల్లో కొట్టి చీల్చి పేర్చిన కట్టెకి గుంటూరు, బెజవాడ వడగాడ్పులకి మించిన కొలిమి అక్కర్లేదు. ఇటుకల మీద నేలకి ఎడంగా పేర్చితే చెదా అంత తేలిగ్గా పట్టదు, అడుగున గాలీ ఆడుతుంది.

వానలొస్తే చాలామంది టార్పాలిన్‌తో పేర్పు మొత్తం చుట్టేస్తారు. లోపలి ఆవిరి అక్కడే చిక్కుకుని బూజు పడుతుంది. కప్పాల్సింది పైభాగం మాత్రమే, పక్కలు తెరిచి ఉండాలి. గాలిలో తేమ 80 శాతం ఉన్నా, తడవని కలప పొడి బరువు లెక్కన 16 శాతం దాకా ఆరగలదు, కాకపోతే నెమ్మదిగా. బాయిలర్ల కోసం చిప్స్ (చిన్న కలప ముక్కలు) కొట్టించేవాళ్లు మాత్రం ముందు దుంగల్ని ఆరబెట్టాకే యంత్రంలో వేయాలి. పచ్చి చిప్స్ పెద్ద కుప్పగా పోస్తే సూక్ష్మజీవులు చేరి లోపల వేడి పుడుతుంది. కలప తరిగిపోతుంది, ఒక్కోసారి కుప్ప తనంతట తానే అంటుకుంటుంది.