చల్లారే ఇనుముకు చదునైన బల్ల

ఇనుప చట్రాన్ని ఎవరూ వంచనక్కర్లేదు. వెల్డింగ్ చేసి పక్కన పెడితే చల్లారుతూ చల్లారుతూ తనంతట తానే వంకరపోతుంది. తిరుపతి ఆటోనగర్‌లో ట్రాలీలు కట్టేవాళ్లకూ, చిత్తూరు చుట్టుపక్కల చెరకు తోలే ట్రాక్టర్లకు తొట్లు కట్టేవాళ్లకూ ఈ సంగతి ఏ పుస్తకం చదవకుండానే తెలుసు. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు గో-కార్ట్ పోటీకని పెరట్లో మొదటిసారి పైపులు అతికించినప్పుడే బిత్తరపోతారు. టేపుతో కొలిచి కోశారు, మూలమట్టం పెట్టి చూశారు, చివరికి నాలుగు చక్రాల్లో ఒకటి గాలిలో ఉంటుంది.

అప్పుడు అందరూ చెప్పే మాట ఒకటే: మంచి బల్ల చేసుకో, దానికి బిగించి వెల్డింగ్ చెయ్యి. మాట మంచిదే. అయితే బల్ల ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియకుండా దిగితే, మందంగా ఉన్న ప్లేటు ఒకటి కొని నలుగురి చేత మోయించి ఇంటికి చేర్చడమే మిగులుతుంది.

ముందు ఇనుము సంగతి చూద్దాం. మీటరు పొడవున్న ఉక్కు వంద డిగ్రీలు వేడెక్కితే 1.2 మిల్లీమీటర్లు పెరుగుతుంది, చల్లారితే అంతే తగ్గుతుంది. ఎద్దులబండి చక్రానికి ఇనుప పట్టా తొడిగేది ఈ లెక్కతోనే. నాలుగున్నర మీటర్ల చుట్టుకొలత ఉన్న పట్టాను మంటలో పెట్టి 400 డిగ్రీలు వేడి పెంచితే రెండు సెంటీమీటర్లకు పైగా సాగుతుంది. కొయ్య చక్రానికి ఎక్కించి నీళ్లు పోస్తే కరుచుకుంటుంది. అక్కడ పట్టా మొత్తం ఒకేసారి వేడెక్కింది కాబట్టి అడ్డు లేకుండా పెరిగింది. వెల్డింగ్‌లో అలా కుదరదు. రాడ్డు కొన కింద గోరంత జాగా 1500 డిగ్రీల దగ్గర కరుగుతుంటే, మూరెడు అవతల అదే పైపును చేత్తో పట్టుకోవచ్చు. వేడెక్కిన చోటు పెరగాలని చూస్తుంది, చుట్టూ ఉన్న చల్లటి లోహం పెరగనివ్వదు.

ఈ పెనుగులాటలో ఓడిపోయేది వేడి ముక్కే. మామూలు ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ఉక్కు మీద చదరపు మిల్లీమీటరుకు 250 న్యూటన్లు దాటి ఒత్తిడి పడితే అది మళ్లీ పాత రూపానికి రాదు. రెండు వైపులా కదలకుండా పట్టి ఉంచిన ఉక్కును అంత ఒత్తిడిలోకి నెట్టడానికి ఎంత వేడి కావాలి? ఉక్కు బిగువునూ, వేడికి సాగే గుణాన్నీ పెట్టి లెక్క కడితే వచ్చేది 104 డిగ్రీల పెరుగుదల. కరగడం దాకా అక్కర్లేదు, ఎర్రబడటం దాకా కూడా అక్కర్లేదు. పైగా వేడెక్కేకొద్దీ ఉక్కు మెత్తబడుతుంది, 600 డిగ్రీల దగ్గర దాని బలం సగానికి పడిపోతుంది. అలా మెత్తబడ్డ ముక్క పొడవుగా పెరిగే దారి లేక ఉన్నచోటే కుదించుకుపోతుంది, మందంలో ఉబ్బుతుంది. చల్లారేటప్పుడు తగ్గాల్సినంతా తగ్గుతుంది గానీ, అది మొదలయ్యేది కుదించుకుపోయిన ఆ కొత్త పొడవు నుంచి. అందుకే చల్లారిన వెల్డింగ్ ఎప్పుడూ లాగుతూనే ఉంటుంది. ఏ పక్కన అతికిస్తే ఆ పక్కకు లాగుతుంది.

నమ్మకం కుదరకపోతే రెండు పలక ముక్కలు చాలు. ఒకదాని మీద ఇంకోదాన్ని నిలువుగా పెట్టి, ఒకే వైపు వెల్డింగ్ లాగి, మూలమట్టాన్ని అవతలి వైపు ఆనించి చూడండి. వెల్డింగ్ మీది పెంకు (స్లాగ్) రాలగొట్టేలోపే పైన సందు కనబడుతుంది. నిలువు పలక వెల్డింగ్ ఉన్న వైపుకు తల వాల్చేసి ఉంటుంది.

సరే, కదలకుండా బిగిస్తే? షెడ్డులో పని నేర్చుకునే కుర్రాళ్లందరూ అడిగే ప్రశ్నే ఇది. "బిగిచ్చి కొడితే యాడికి పోతాదన్నా?" అంటే, మేస్త్రీ తలెత్తకుండా "వొదిలినాక చూడు సామీ" అంటాడు. బిగించినంతసేపూ లాగుడు బయటికి కనబడదు, లోహం లోపల దాక్కుంటుంది. క్లాంపులు విప్పగానే అందులో కొంత వంపుగా బయటపడుతుంది, మిగతాది శేష ఒత్తిడిగా లోపలే ఉండిపోతుంది. బిగించడం వల్ల వంకర తగ్గే మాట నిజం, కానీ పూర్తిగా పోదు. కాబట్టి నా లెక్కలో బల్ల అసలు ప్రయోజనం పట్టి ఉంచడం కన్నా చూపించడం. చట్రం ఎక్కడ ఎంత లేచిందో, ఏ మూల ఎంత జరిగిందో పనిలో అడుగడుగునా తెలియాలంటే మనం నమ్మగలిగిన ఒక చదును ఉండాలి. నేల ఆ పని చేయలేదు. ఇళ్లలో సిమెంటు గచ్చు నీళ్లు పోవడానికని ఏదో ఒక వైపు వాటంగా వేసి ఉంటుంది.

ఇప్పుడు బల్ల కట్టడం. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ప్లేటు దగ్గరే. ఎనిమిది అడుగులకు నాలుగడుగుల 12 మిల్లీమీటర్ల ప్లేటు 280 కిలోలు తూగుతుంది. అంత బరువు మోసుకొచ్చాక కూడా అది అనుకున్నంత బిర్రుగా ఉండదు. వంగకుండా నిలబడే గుణం మందానికి ఘనంలో పెరుగుతుంది: మందం రెట్టింపయితే బిగువు ఎనిమిది రెట్లు. కాబట్టి ఇనుమును పరుపులా పరచడం కన్నా నిలువుగా నిలబెట్టడం లాభం. అర మీటరు వెడల్పున్న 12 మిల్లీమీటర్ల ప్లేటు మీటరుకు 47 కిలోలుంటుంది. నూరు మిల్లీమీటర్ల ఎత్తున్న సీ-చానల్ (పైనా కిందా రెక్కలుండే సీ ఆకారపు దూలం) మీటరుకు తొమ్మిదిన్నర కిలోలే. అయినా చానల్‌ను నిలువుగా పెడితే వంపుకు ఎదురునిలవడంలో ఆ ప్లేటుకు పాతిక రెట్లు. అయిదో వంతు బరువుకు పాతిక రెట్ల బిగువంటే ఇంక బేరమేముంది!

అందుకే ఇంట్లో పని చేసేవాళ్లకు ప్లేటు బల్ల కన్నా పట్టాల బల్ల నయమంటాను. రెండు మీటర్ల నలభై పొడవున్న చానళ్లు అయిదు, ఒకదానికొకటి పాతిక, ముప్ఫై సెంటీమీటర్ల ఎడంలో. మధ్య సందుల్లోంచి సీ-క్లాంపు ఎక్కడైనా దూరుతుంది, పైపు అడుగున వెల్డింగ్ వేయడానికి చెయ్యీ పడుతుంది. పాత ఇనుము అంగట్లో దొరికే చానల్ చాలు, కాకపోతే ఒంటికన్ను మూసి పొడవునా గురిచూసి ఏరుకోవాలి. ఒక దెబ్బ తిని మెలితిరిగిన చానల్‌ను తర్వాత ఎవరూ సరిచేయలేరు. ఏరుకున్న మంచి చానల్‌నైనా రెండు కొసల్లో ఆనించి నడుమ నూరు కిలోలు పెడితే ముప్పావు మిల్లీమీటరు దాకా దిగుతుంది. మధ్యలో ఇంకో ఆనుడు ఇస్తే దూలం పొడవు సగమవుతుంది, దిగుడు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. పొడవు కూడా ఘనంలోనే లెక్కకొస్తుంది మరి.

కాళ్లూ, అడ్డదూలాలూ ఎలాగైనా వెల్డింగ్ చేసుకోవచ్చు, అవి కాస్త వంకరపోయినా నష్టం లేదు. పై పట్టాలను మాత్రం వెల్డింగ్ చేయకూడదు. వెల్డింగ్ వంకరను పట్టించాల్సిన బల్లకే ఆ వంకర అంటించడం దేనికి? ప్రతి అడ్డదూలం మీదా పదహారు మిల్లీమీటర్ల మర కడ్డీ ఒకటి నిలబెట్టి, పట్టా కిందిరెక్కకు కిందా పైనా నట్లు వేసి బిగించాలి. పైనట్టు చానల్ పైరెక్క కిందే ఉండాలి, తలం మీద ఏదీ పొడుచుకు రాకూడదు. ఆ సైజు మరకు ఒక చుట్టు తిప్పితే రెండు మిల్లీమీటర్లు. నట్టుకు ఆరు ముఖాలు. స్పానర్‌తో ఒక ముఖం జరిపితే పట్టా మిల్లీమీటరులో మూడో వంతు లేస్తుంది. ఇంటి పనికి ఇంతకన్నా సన్నని సర్దుబాటు అక్కర్లేదు.

ఇక్కడ మట్టం వేరు, చదును వేరు అని గుర్తుంచుకోవాలి. బల్ల మొత్తం ఒక పక్కకు వాలి ఉన్నా చదునుగా ఉండొచ్చు, అప్పుడు దాని మీద చేసిన చట్రానికి ఏమీ కాదు. మట్టం చేసుకుంటే వచ్చే లాభం ఒకటే, చట్రం మీద రసమట్టం పెట్టినప్పుడు అది చెప్పేది సూటిగా పనికొస్తుంది. అందుకు తాపీమేస్త్రీల నీళ్ల ట్యూబు సరిపోతుంది. మెలిక పోయిందా లేదా అన్నది మాత్రం దారం చెబుతుంది. నాలుగు మూలల్లో ఒకే రకం రూపాయి బిళ్లలు పెట్టి, వాటి మీదుగా చేపలు పట్టే నైలాన్ దారాలు రెండు మూల నుంచి మూలకు బిర్రుగా లాగండి. నాలుగు మూలలూ ఒకే తలంలో ఉంటే రెండు దారాలూ నడుమ తాకీతాకనట్టు కలుస్తాయి. ఒక మూల మిల్లీమీటరు లేచి ఉంటే నడుమ అర మిల్లీమీటరు తేడా వస్తుంది. పైదారం కిందికీ, కిందిదారం పైకీ మార్చి ఇంకోసారి చూస్తే దారం మందం వల్ల వచ్చే పొరపాటు కూడా తేలిపోతుంది. మూలలు కుదిరాక లోపలి పట్టాలను పొడవాటి తిన్నని పట్టీ పెట్టి సర్దుకోవచ్చు.

ఇవన్నీ పొద్దున్నే, నీడలో చేయాలి. మా తిరుపతి మే నెల ఎండలో ఇనుము మీద చెయ్యి పెట్టలేం, అది అందరికీ తెలిసిందే. అంతగా తెలియంది దాని లెక్క. పట్టా పైరెక్క కిందిరెక్క కన్నా అయిదు డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉందనుకుందాం. నూరు మిల్లీమీటర్ల ఎత్తు, రెండు మీటర్ల నలభై పొడవున్న చానల్ ఆ మాత్రం తేడాకే నడుమ దాదాపు అర మిల్లీమీటరు ఉబ్బాలని చూస్తుంది. రేకుల షెడ్డు అంచున సగం ఎండలో, సగం నీడలో పెట్టిన బల్ల పొద్దుటికి ఒక తీరు, మధ్యాహ్నానికి ఒక తీరు. నట్లు ఎంత తిప్పినా ఆ వంకర దొరకదు.

ఇంత సన్నని కొలత బండికి అవసరమా అంటే, కొంత అవసరం, కొంత కాదు. వెనక ఇరుసు 1200 మిల్లీమీటర్ల వెడల్పులో ఒక కొస మూడు మిల్లీమీటర్లు ముందుకు పోయిందనుకోండి. స్టీరింగ్‌తో సర్దుకోకపోతే బండి సూటిగా పోక ఒక పక్కకు తిరుగుతూనే పోతుంది. సర్దుకుంటూ నడిపితే ఎండ్రకాయలా ఒరిగి నడుస్తుంది, టైర్లు అరుగుతాయి. కాబట్టి చక్రాలూ, ఇరుసూ బిగించే చోట్ల మిల్లీమీటరు దాటకూడదు. సీటు కింద అడ్డకడ్డీకి రెండు మిల్లీమీటర్లు పోయినా ఎవరికీ పట్టదు. (ఇది పోటీ బండ్లూ, పొలం ట్రాలీల సంగతి. రోడ్డు మీద తిరిగే బండి చాసిస్‌ను కోసి, రిజిస్ట్రేషన్ కాగితంలోని వివరాలకు తేడా వచ్చేలా మార్చడాన్ని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు.)

చట్రం బల్లకెక్కాక మొదట అన్ని కీళ్లకూ ట్యాక్‌లు (చుక్కల్లా వేసే చిన్న వెల్డింగ్‌లు) మాత్రమే కొట్టి, మూల నుంచి ఎదురు మూలకు, అంటే ఐమూల కొలవాలి. రెండు మీటర్లకు ఒక మీటరు చట్రంలో ఐమూల 2236 మిల్లీమీటర్లు. చట్రం పొడవు వైపు ఒక మిల్లీమీటరు జరిగితే రెండు ఐమూలల మధ్య తేడా 1.8 మిల్లీమీటర్ల దాకా కనబడుతుంది, తప్పును టేపే పెద్దది చేసి చూపిస్తుంది. అప్పుడు ఒక ట్యాక్ కోసి సరిచేయడం నిమిషం పని. ఫుల్ వెల్డింగ్ అయ్యాక అదే ఒక పూట పని. తర్వాత ఒక మూలన కాస్త, ఎదురు మూలన కాస్త వేసుకుంటూ పోవాలి, ఒకవైపు లాగిందాన్ని ఇంకోవైపు లాగుడు కొట్టేసేలా. భయంకొద్దీ లావుగా వేయకండి. మూడు మిల్లీమీటర్లు చాలిన చోట ఆరు వేస్తే లోహం నాలుగు రెట్లు పడుతుంది, కీలుకు పోసే వేడీ, అది లాగే లాగుడూ దాంతోపాటే పెరుగుతాయి. వెల్డింగ్ కరెంటు తిరిగిపోయే ఎర్త్ క్లాంపును బల్ల కాలికి కాక, అతికించే చోటికి దగ్గరగా చట్రానికే వేయాలి. చట్రానికి అప్పటికే చక్రాల బేరింగులు బిగించి ఉంటే, వాటి గుండా కరెంటు పోయి గుంటలు పడతాయి.

జీఐ పైపు చవగ్గా దొరుకుతుందని ఆశపడొద్దు. దాని మీది జింకు 907 డిగ్రీలకే మరిగి తెల్లటి పొగవుతుంది. ఆ పొగ పీల్చినవాళ్లకు సాయంత్రానికి చలిజ్వరం తగులుకుంటుంది. పాలు తాగితే దానికి విరుగుడనే మాట షెడ్లలో ఉంది గానీ, ఊపిరితిత్తుల్లోకి పోయినదాన్ని పొట్టలోకి పోయే పాలు ఏం చేస్తాయి? ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం వెల్డింగ్ పొగను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైనవాటిలో, 2017లోనే చేర్చింది. షెడ్డుకు రెండు వైపులా గాలి ఆడేలా ఉంచుకోవడం బల్ల కన్నా ముందు చేయాల్సిన పని.

ఇంత చేసినా క్లాంపులు విప్పాక ఏదో ఒక పైపు విల్లులా వంగి ఉండొచ్చు. సుత్తితో బాదకుండా వెల్డింగ్ లాగుడునే ఎదురు వాడుకోవాలి. ఉబ్బెత్తుగా ఉన్న వైపు ఒక చిన్న చోటును గ్యాస్ మంటతో మసక ఎరుపు వచ్చేదాకా, అంటే 600, 650 డిగ్రీల దాకా వేడి చేస్తే ఆ చోటు కుదించుకుపోయి, చల్లారేటప్పుడు పైపును తన వైపుకు లాక్కుంటుంది. మంట తగలగానే వంపు తగ్గదు, ఇంకా పెరుగుతుంది. అది చూసి కంగారుపడి పక్కనే ఇంకో చోట మంట పెట్టేవాళ్లే ఎక్కువ. చేత్తో పట్టుకోగలిగేంత చల్లారనిచ్చి, బల్ల మీద పెట్టి కొలిచి, ఇంకా మిగిలి ఉంటేనే రెండో చోటు వేడి చేయాలి. పల్చటి గోడ పైపులకైతే మంట ఇంకా చిన్నది చాలు, నీళ్లు మాత్రం పోయకూడదు.