సరిచేసిన దవడ మళ్లీ మొదటికొస్తుందా?

పర్లాకిమిడి, రాయగడ, బరంపురం వైపు తెలుగు ఇళ్లలో దవడ ఆపరేషన్ మాటొస్తే ఖర్చు తర్వాత వచ్చే టెన్షన్ ఇదే: కొన్నాళ్లకు మళ్లీ మొదటికొస్తే? ఈ భయం ఊరికే పుట్టలేదు.

1849లోనే అమెరికాలో సైమన్ హల్లిహెన్ అనే సర్జన్ కాలిన గాయం వల్ల వంకరపోయిన కింది దవడను కోసి సరిచేశాడు. కానీ నేటి పద్ధతికి పునాది పడింది 1957లో. కింది దవడ వెనక భాగాన్ని రెండు పొరలుగా చీల్చి జరిపే విధానాన్ని ట్రౌనర్, ఓబ్వెగెసర్ అనే ఇద్దరు సర్జన్లు ఆ ఏడాది ప్రచురించారు. అప్పట్లో ఎముకను తీగలతో కట్టి, పై పళ్లకు కింది పళ్లను బిగించి, వారాల తరబడి నోరు మూసి ఉంచేవారు. తీగ కొంత సాగుతుంది, కండరం ఊరుకోదు, దవడ జారేది. 1970లలో స్క్రూలు, చిన్న ప్లేట్లు వచ్చాక ఆ బాధ చాలావరకు తగ్గింది.

అయితే ప్లేట్లతోనే కథ ముగియలేదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో పళ్ల వరస సరిచేసే డాక్టర్ విలియం ప్రాఫిట్ బృందం ఏళ్ల తరబడి రోగులను గమనించి, ఏ మార్పు ఎంత బాగా నిలుస్తుందో 1996లో ఒక వరుస చెప్పింది. పై దవడను పైకి జరిపితే బాగా నిలుస్తుంది. కింది దవడను ముందుకు తెచ్చినా, ముఖం మరీ పొడుగ్గా లేనివాళ్లలో ఫర్వాలేదు. పై దవడను కిందికి దించడం, కింది దవడను వెనక్కి నెట్టడం అంత నమ్మకమైనవి కావు. పై దవడను అడ్డంగా వెడల్పు చేయడం అన్నిటికన్నా బలహీనం.

మనవాళ్లు ఎక్కువగా అడిగేది ముందుకొచ్చిన గడ్డాన్ని, అంటే కింది దవడను, వెనక్కి పంపడం గురించే. ఆపరేషన్‌లో కింది దవడ వెనక నిలువుగా పైకి లేచే కొమ్మ కూడా వెనక్కి ఒరిగిపోతే, నమలడం మొదలయ్యాక కండరాలు దాన్ని పాత చోటికి లాగుతాయి, గడ్డం ముందుకొస్తుంది. అందుకే చాలాసార్లు పై దవడనూ కాస్త ముందుకు తెచ్చి, కింది దవడను తక్కువ జరుపుతారు. ఎదుగుదల ఆగకముందే చేయించుకున్నా ఇదే చిక్కు. మగపిల్లల్లో అది మరింత ఆలస్యంగా ఆగుతుంది. పెళ్లి సంబంధాల తొందర ఎముకకు తెలియదు కదా!

ఇక్కడివాళ్లు కొందరు కటక్ వెళ్తారు, కొందరు దగ్గరని విశాఖ వెళ్తారు. పళ్లకు క్లిప్పులు ఒకచోట, ఆపరేషన్ ఇంకోచోట అయితే, ఆపరేషన్ అయిన వెంటనే తీసిన పక్కవైపు ఎక్స్‌రే కాపీ ఇంట్లో ఉండాలి. దవడ జరిగిందో లేదో తర్వాతి డాక్టర్ పోల్చి చూసేది దానితోనే.